ఉమామహేశ్వరం దారిలో టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్: బోర్డు మీద ఏ బొమ్మ వేయించాలి, ఏం రాయాలి?

బడిబోర్డు (అచ్చంపేట):

అందరికీ నమస్కారం. మా హైస్కూల్ ఎకో క్లబ్ తరఫున అడవి పక్షుల బోర్డులు చేయిస్తున్నాం. కొన్ని బడి ఆవరణలో పెడతాం. అనుమతి వస్తే మిగతావి నల్లమలలోని ఉమామహేశ్వరం గుడి దారిలో, నీడ ఉన్న మలుపుల దగ్గర పెడతాం. పాలపిట్ట, నెమలి, వడ్రంగిపిట్ట వంటివాటికి సమాచారం సులువుగానే కుదిరింది. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ అనే చిన్న నీలిపిట్ట దగ్గర మాత్రం పని ఆగింది.

ఆర్టిస్టుకు ఇద్దామని ఫొటోలు వెతికితే ఒకదాంట్లో గొంతు నారింజ, ఇంకోదాంట్లో నీలం. రెండింటికీ ఒకటే పేరు పెట్టారు. ఆడపిట్టను కొన్నిచోట్ల బూడిద నీలంగా, కొన్నిచోట్ల గోధుమ రంగులో చూపించారు. పేరు సంగతీ అంతే. 1843లో టికెల్ ఈ పక్షిని కనుగొన్నాడని ఒకచోట ఉంటే, బ్లైత్ అని మరోచోట ఉంది. టికెల్ నల్లమలలో తిరిగాడని కూడా ఒకరు రాశారు. బోర్డు ఒకసారి పెట్టాక ఏళ్ల తరబడి ఉంటుంది, పిల్లలు అదే నమ్ముతారు. అందుకే తప్పు పోకూడదని ఇక్కడ అడుగుతున్నాను.

బొమ్మలో ఏవి తప్పనిసరిగా ఉండాలి, దేనితో పొరబడతారు, టికెల్ ఎవరు, పిల్లల్ని తీసుకెళ్తే ఏ వేళ, ఏ తావులో కనిపిస్తుంది, ఇవి చెప్పగలరా? బోర్డు తయారీలో చెయ్యి తిరిగినవాళ్లుంటే వాళ్ల మాట కూడా కావాలి.


మద్దిమాను:

సార్, ముందు గొంతు చూడండి. ఈ పిట్ట విషయంలో సగం తగాదా అక్కడే తేలిపోతుంది.

టికెల్స్ మగపిట్టకు గడ్డం కింది నుంచి రొమ్ము దాకా నారింజ రంగు తెగకుండా వస్తుంది. రొమ్ము కింద అది ఆగిపోయి పొట్ట తెల్లగా మొదలవుతుంది. వీపు, రెక్కలు, తోక ముదురు నీలం. నుదురు, కనుబొమ, భుజం మాత్రం ఇంకాస్త మెరిసే నీలం. కంటికీ ముక్కుకీ మధ్య నల్లటి మరక ఉంటుంది. తోకలో తెలుపు ఎక్కడా ఉండదు. ఆడపిట్టకూ అమరిక అదే, కాకపోతే నీలంలో బూడిద కలుస్తుంది, గొంతు నారింజ బాగా లేతబడుతుంది. ఆడపిట్ట అయినా వీపు మీద నీలం కనిపించాల్సిందే.

మీకు దొరికిన నీలిగొంతు ఫొటో బ్లూ-త్రోటెడ్ ఫ్లైక్యాచర్‌ది. దాని శాస్త్రనామం సయోర్నిస్ రుబెక్యులాయిడిస్, మన పిట్టకు దగ్గరి బంధువు. హిమాలయాల వైపు గూడు కట్టి, చలికాలంలో దక్షిణానికి వస్తుంది. మగదానికి గొంతు ముదురు నీలం, నారింజ రొమ్ము దగ్గరే మొదలవుతుంది. కొన్నింటిలో ఆ నారింజ చిన్న ముక్కోణంలా గొంతులోకి ఎగబాకుతుంది. ఆ ముక్కోణాన్ని చూసే చాలామంది టికెల్స్ అనేస్తారు. దాని ఆడపిట్ట గోధుమ రంగు. మీరు చూసిన గోధుమ ఆడపిట్ట ఫొటోలు బహుశా అవే. వైశాఖంలోనో ఆషాఢంలోనో నల్లమల వాగు పక్కన నారింజ గొంతు నీలిపిట్ట జంట కనిపిస్తే మాత్రం అది టికెల్స్, ఎందుకంటే ఇది ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది.

ఇంకో నాలుగు పక్షులతో కూడా పిల్లలు పొరబడతారు. బ్లాక్-నేప్డ్ మోనార్క్ మగది తల నుంచి రొమ్ము దాకా లేత నీలం, మెడ వెనక నల్లటి ముద్ద, గొంతు కింద సన్నటి నల్లగీత. నారింజ చుక్క కూడా ఉండదు. వర్డిటర్ ఫ్లైక్యాచర్ ఒళ్లంతా మయిలుతుత్తం రంగు, పొట్ట కూడా తెల్లగా ఉండదు. చలికాలంలో వచ్చి, నీడలో కాకుండా చెట్టు కొనల మీద కూర్చుంటుంది. రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్‌కు గొంతు నారింజే గానీ వీపు గోధుమ రంగు. తోక ఎత్తినప్పుడు మొదట్లో రెండు పక్కలా తెల్లమచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇండియన్ బ్లూ రాబిన్‌కు కూడా పైన నీలం, కింద నారింజ. అయితే మగదానికి కంటి మీద పొడుగాటి తెల్ల కనుబొమ ఉంటుంది, ఎక్కువగా నేల మీదే గెంతుతుంది.

ఆర్టిస్టుకు ఇవి గట్టిగా చెప్పండి. పిట్ట పొడవు సుమారు 14 సెం.మీ., ఊరపిచ్చుకంత. బొమ్మను నిజమైన కొలతలోనే వేయిస్తే పిల్లలకు సైజు విడిగా చెప్పనక్కర్లేదు. ముక్కు సన్నగా, నల్లగా ఉండాలి. మొదట్లో మీసాల్లాంటి సన్నటి వెంట్రుకలు ఉంటాయి. మనవాళ్లు అలవాటుగా పిచ్చుక ముక్కు వేసేస్తారు, దాంతో ఇది గింజలు తినే పిట్ట అయిపోతుంది. కన్ను పెద్దది, నల్లది. కూర్చోవడం నిటారుగా. ఆకాశనీలం డబ్బా తెరిచి అలాగే పూస్తే మోనార్క్ అవుతుంది. అల్ట్రామెరీన్‌లో చిటికెడు నలుపు కలిపి వీపుకు, నుదురుకూ భుజానికీ కోబాల్ట్ వాడమనండి. నారింజలో కొద్దిగా ఇటుక రంగు పడాలి. ఆ నారింజ తెల్లపొట్టలోకి మెల్లగా కరిగిపోకుండా, దాదాపు గీత గీసినట్టు ఆగాలి.

పిల్లపిట్ట బొమ్మ కూడా పెడితే మంచిది. తల, వీపు గోధుమ రంగులో పొలుసు పొలుసుగా లేత చుక్కలతో ఉంటాయి, రెక్కలూ తోకా మాత్రం నీలం. వానాకాలంలో ఇది కనిపించినప్పుడు ‘కొత్త పక్షి’ అని ఫొటోలు తిరుగుతుంటాయి.


పాత_పుటలు:

పేరు సంగతి నేను చెబుతాను.

శామ్యూల్ రిచర్డ్ టికెల్ పుట్టింది మన పక్కనే, కటక్‌లో, 1811 ఆగస్టు 19న. చదువు ఇంగ్లండ్‌లో, అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో. 1829లో బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీలో చేరాడు. ఉద్యోగం సైన్యంలో, ధ్యాస మాత్రం పక్షులూ బొమ్మలూ భాషల మీద. బారాభూమ్, ధాల్‌భూమ్ అడవుల్లో సేకరించిన పక్షుల జాబితాను 1833లో ఏషియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పత్రికలో అచ్చువేశాడు. ఆ తావులు నేటి పశ్చిమ బెంగాల్, జార్ఖండ్ సరిహద్దులో ఉన్నాయి. తర్వాత ఖాట్మండులో బ్రిటిష్ రెసిడెంట్ బ్రయాన్ హాడ్జ్‌సన్ దగ్గర రక్షక దళానికి అధిపతి. హాడ్జ్‌సన్ కూడా పక్షుల మనిషే. ఆ రెండు కుటుంబాలు వియ్యమందుకున్నాయి కూడా. సింగ్‌భూమ్‌లో పనిచేసినప్పుడు హో భాష నేర్చుకుని 1840లో దాని వ్యాకరణం, పదాల పట్టిక ప్రకటించాడు. ఆ తర్వాత బర్మా వైపు, అరకాన్‌లో ఉన్నాడు. 1865లో కల్నల్‌గా పదవీ విరమణ చేశాడు.

చివరి భాగం పిల్లలకు చెప్పదగ్గది. భారతదేశపు పక్షుల మీద ఏడు సంపుటాల సచిత్ర గ్రంథం తలపెట్టి, బొమ్మలు తనే వేసుకుంటూ వచ్చాడు. 1870లో బ్రిటనీ తీరంలో ఉండగా కంటికి జబ్బు చేసి చూపు క్రమంగా పోయింది. పుస్తకం పూర్తి కాలేదు. వేసినంత వరకు లండన్ జూలాజికల్ సొసైటీకి ఇచ్చేశాడు. 1875 ఏప్రిల్ 20న చెల్టన్‌హామ్‌లో చనిపోయాడు.

ఇక 1843 సంగతి. ఈ ఫ్లైక్యాచర్‌ను శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టింది ఎడ్వర్డ్ బ్లైత్. అప్పట్లో ఆయన కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసేవాడు, 1841 నుంచి 1862 దాకా. దేశం నలుమూలల నుంచి అధికారులు, వైద్యులు పంపిన నమూనాలు ఆయన బల్ల మీదికే చేరేవి. పంపినవాళ్ల పేర్లతో ఆయన చాలా పక్షులకు నామకరణం చేశాడు. మన నల్లమలలోనే ఉండే పచ్చటి జెర్డాన్స్ లీఫ్‌బర్డ్‌కు కూడా 1844లో ఆయన పెట్టిందే. నెల్లూరు, మద్రాసు ప్రాంతాల్లో పనిచేసిన సైనిక వైద్యుడు జెర్డాన్ పేరు అది. కాబట్టి ‘టికెల్ కనుగొన్నాడు’ అని రాయకండి. టికెల్ పేరు మీదుగా 1843లో బ్లైత్ పేరు పెట్టాడని రాయండి. ‘కనుగొనడం’ అనే మాటే ఇక్కడ సరిపడదు. ఆ అడవుల్లో ఉండేవాళ్లు తరతరాలుగా రోజూ చూస్తున్న పిట్ట ఇది.

నల్లమలతో ముడిపెట్టడం మానేయండి. టికెల్ పక్షుల పని ఛోటానాగ్‌పుర్, నేపాల్, బర్మా ప్రాంతాల్లో సాగింది. నల్లమలలోని మన అమ్రాబాద్ పీఠభూమి పక్షుల గురించి ఒక పేరు కావాలంటే సలీం అలీ పేరుంది. నిజాం ప్రభుత్వపు సాయంతో 1931-32లో హైదరాబాద్ రాజ్య పక్షుల సర్వే చేస్తూ ఆయన మన్ననూరు, ఫర్హాబాద్‌లలో మకాం వేశాడు. ఆ ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. పాలమూరు పిల్లలకు ఈ ముక్క ఎక్కువ పట్టుకుంటుంది.

టికెల్‌కు నిజంగా దక్కాల్సిన గౌరవం బోర్డులో ఇవ్వాలంటే జంగిల్ ఔలెట్ బొమ్మ పక్కన ఇవ్వండి. పగలు కూడా అరిచే ఆ చారల చిన్న గూబను 1833లో వర్ణించింది ఆయనే. అది అమ్రాబాద్ అడవిలో మామూలుగా ఉంటుంది. అలాగే మీ బడి మామిడిచెట్టు మీద బదనిక ఉంటే టిక్ టిక్ మంటూ తిరిగే బొటనవేలంత బూడిద పిట్టను పిల్లలకు చూపించండి. పేల్-బిల్డ్ ఫ్లవర్‌పెకర్, పాతపేరు టికెల్స్ ఫ్లవర్‌పెకర్. బదనిక పండు మింగి, జిగురు గింజను కొమ్మకు రాసి వదిలించుకుంటుంది, అక్కడే కొత్త బదనిక మొలుస్తుంది. అడవికి పోకుండానే టికెల్ పేరు చెప్పడానికి అదొక దారి.


తునికాకు (మన్ననూరు):

సార్, యాడ దొరుకుతదో నేను చెప్త. పిట్ట కోసం దూరం పోవుడు అవసరం లేదు, నీడ కోసం పోవాలె. ఎండ పడే టేకు తోపుల గంటలకొద్దీ తిరిగినా కానరాదు. వాగు ఒడ్డు, వెదురు పొదలు, నేరేడు, మేడి, నల్లమద్ది గుబురుగ ఉన్న లోయ, అండ్ల తడి నేల, ఎండుటాకు పరుపు, గిసొంటి జాగల ఉంటది. ఉమామహేశ్వరంల కొండచరియ నుంచి నీళ్లు ఊరే కాడ, మల్లెలతీర్థం జలపాతం మెట్లు దిగుతుంటే కింది సగంల, ఈ రెండు తావులు పిల్లలకు మంచివి.

చూసుడు కంటె ముందు వినుడు నేర్పుండ్రి. దీని పాట చిన్నది. ఆరేడు సన్నటి ఈలలు, లోహం మీద తట్టినట్టు గలగల దిగి మళ్ల పైకి లేస్తయి, రెండు సెకన్లల అయిపోతది. కొంచెం ఆగి మళ్ల అదే. పాడనప్పుడు ‘టిక్... టిక్’ అని చిన్న చప్పుడు చేస్తది. పాట వినవడంగనే అందరు పైకి చూస్తరు, అది తప్పు. ఇది నేల నుంచి ఒకటి నుంచి మూడు మీటర్ల ఎత్తుల, తీగ మీదనో వంగిన కొమ్మ మీదనో కూసుంటది. అక్కడ్నుంచి ఎగిరి పురుగును గాలిల పట్టి ఇంకో కొమ్మ మీదికి పోతది, ఒక్కోసారి నేల మీదికి దూకి పట్టుకుంటది. అందుకే కాళ్ల ఎత్తు నుంచి తల ఎత్తు దాక మెల్లగ వెతకాలె. కదలకుండ పది నిమిషాలు ఒక్క తావుల నిలబడితే అదే తిరిగి వస్తది, దానికి ఇష్టమైన కొమ్మలు రెండు మూడే ఉంటయి.

పొద్దున తెల్లారినంక రెండు గంటలు, సాయంత్రం ఎండ దిగినంక మంచిది. మిగిలిన పిట్టలు గూళ్లకు చేరినంక కూడ, మసక చీకట్ల ఇది పురుగులు పడుతనే ఉంటది. ఎండాకాలం వాగులు ఎండినంక చెలమల కాడ కాపు కాస్తే నీళ్లాడనీకి వస్తది. తొలకరి పడ్డంక పాట ఎక్కువ.

ఒక లెక్క చూసుకోండ్రి. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు కాడ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక బండ్లు ఇడువరు. అచ్చంపేట నుంచి పిల్లల బస్సు ఎంత తొందరగ బయలుదేరినా మల్లెలతీర్థం చేరేసరికి పొద్దెక్కుతది, అప్పటికి జనం గూడ వస్తరు. ఉమామహేశ్వరం రంగాపూర్ కాడ్నే, చెక్‌పోస్టుకు ఇవతలనే తిరుగుతరు కాబట్టి తెల్లారంగనే చేరొచ్చు. సంక్రాంతి ఉత్సవాలప్పుడు వద్దు, మైకుల హోరుల ఈ పాట వినవడదు. వానాకాలంల టైగర్ రిజర్వ్ లోపలి సఫారీలు మూసేస్తరు, పోయే ముందు రేంజ్ ఆఫీసుల అడుగుండ్రి.

ఒక గుంపుల పదిమంది కంటె ఎక్కువ వద్దు. ఎర్రటి, తెల్లటి చొక్కాలు వద్దు. బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగ చూపేది) తీసుకోండ్రి. 10× అయితే పిల్లల చేతులు వణికి బొమ్మ ఊగుతది, నీడల వెలుతురు గూడ తక్కువ పడతది. కొనేటప్పుడు ఎంత దగ్గర దాక ఫోకస్ అయితదో చూడుండ్రి. ఈ పిట్ట మూడు మీటర్ల దూరంల కూసుంటది, ఐదు మీటర్లకు ఆగిపోయే బైనాక్యులర్ దీనికి పనికిరాదు.

ఫోన్ల పాట పెట్టి పిలుసుడు మాత్రం చెయ్యొద్దు. మగపిట్ట తన జాగలకు ఇంకోడు వచ్చిండనుకుంటది, తిండి ఇడిసిపెట్టి కొమ్మ కొమ్మ తిరుగుతది. గూడు కట్టే రోజులల్ల ఆడపిట్టను, గుడ్లను ఇడిసి వస్తది. ఉమామహేశ్వరం అసొంటి జాగల రోజూ ఎవరో ఒకరు అదే పని చేస్తే ఆ జంట ఆ తావునే ఇడుస్తది. పిల్లలకు పాట నేర్పాలంటే బడిలనే, క్లాస్‌రూంల వినిపించుండ్రి.


బడిబోర్డు (అచ్చంపేట):

మద్దిమాను సార్, పాత_పుటలు సార్, తునికాకు అన్నా, ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంత వివరం ఒక్కచోట దొరుకుతుందనుకోలేదు. ఇంకో రెండు సందేహాలు. పిల్లలు తీసిన ఫొటోల్లో పిట్ట దాదాపు నల్లగా వస్తోంది, ఎందుకు? బడిలో గూటిపెట్టె కడితే వస్తుందా? బోర్డులకు ఫ్లెక్స్ కొట్టిద్దామనుకుంటున్నాం, ఖర్చు తక్కువని.


మద్దిమాను:

నల్లగా రావడానికి రెండు కారణాలు. ఈ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల కనిపించేది. వెలుగు తగినంత పడకపోతే కింద ఉన్న నల్లటి వర్ణకమే మిగులుతుంది. రెండోది కెమెరా లెక్క. ఆకుల సందులోంచి ఆకాశం కనిపిస్తుంటే కెమెరా ఆ వెలుగునే కొలుచుకుని పిట్టను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను +0.7 లేదా +1కి పెంచాలి. వెనక చీకటి గుహలాంటి నీడ ఉంటే తిరగబడుతుంది, అప్పుడు తెల్లపొట్ట కాలిపోతుంది, −0.3 చాలు. షట్టర్ 1/250కి తగ్గితే తోక విదిలించినప్పుడు మసక వస్తుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే స్థాయి) 1600 నుంచి 3200 దాకా పెంచినా ఫర్వాలేదు, గరుకుదనం తర్వాత సరిచేసుకోవచ్చు, మసకను సరిచేయలేం. ఫ్లాష్ వాడొద్దు. ఒక అడుగు పక్కకు జరిగి, పిట్ట వెనక ఆకాశం కాకుండా ఆకులు వచ్చేలా చూసుకుంటే ఈ తంటాలన్నీ చాలావరకు తగ్గుతాయి.

గూటిపెట్టె వద్దు. ఇది ఏప్రిల్ నుంచి ఆగస్టు లోపు గూడు పెడుతుంది. చెట్టు తొర్రలో, రాళ్ల సందులో, వాగు గట్టులోని బొరియలో, సాధారణంగా తక్కువ ఎత్తులోనే. సన్నటి గడ్డి, పీచు పరిచి 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది. నీడా తేమా పురుగులూ లేని బడి ఆవరణలో పెట్టె కడితే గోరింకలో పిచ్చుకలో చేరతాయి. వాటికీ మంచిదే గానీ, ఫ్లైక్యాచర్ బోర్డు పక్కన పెట్టె తగిలిస్తే పిల్లలకు తప్పు అర్థమవుతుంది.

దానికి బదులు ఒక మూల నేరేడు, కానుగ నీడలో ఆకులు ఊడ్చకుండా, కాల్చకుండా వదిలేయండి. ఈ జాతి పిట్టలకు తిండి ఆ ఆకుల మీది పురుగులే. మనం శుభ్రం అనుకుని రోజూ చీపురు పెట్టే నేల వాటికి బీడుతో సమానం. పక్కన వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి. 30-40 సెం.మీ. వెడల్పు, అంచు దగ్గర 2 సెం.మీ., మధ్యలో 5 సెం.మీ. మించని లోతు చాలు. లోపల నున్నగా ఉంటే కాలు జారుతుంది, ఒక గరుకు రాయి వేయండి. మీటరు, మీటరున్నర ఎత్తులో పక్కనే ఒక ఎండు కొమ్మ పాతితే పిట్ట ముందు దాని మీద వాలి చుట్టూ చూసుకుని దిగుతుంది. పొద గుబురు మరీ ఆనుకుని ఉంటే పిల్లి మాటువేస్తుంది, రెండు మీటర్లు దూరం ఉంచండి. నీళ్లు రోజూ పారబోసి, కొబ్బరి పీచుతో రుద్దాలి. వదిలేస్తే దోమలు పుడతాయి, పాచి పడుతుంది. చలికాలంలో రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ రావడం ఖాయమనే అనుకోండి. టికెల్స్ వస్తుందా అన్నది మీ బడికి అడవి నీడ ఎంత దగ్గరగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఈ మూకుడు బడి వరకే. రిజర్వ్ లోపల ఎవరికి వాళ్లం నీళ్లు, తిండి పెట్టకూడదు.

అడవిలో గూడు కనిపిస్తే ఆ చుట్టూ గడ్డి తొక్కకుండా వెనక్కి వచ్చేయాలి. ఫొటోకు అడ్డమని ఆకులు తుంచితే గుడ్ల మీద నేరుగా ఎండ పడుతుంది, కాకులూ కోతులూ కనిపెడతాయి. ఉమామహేశ్వరంలో కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. బోర్డు మీద ఈ ఒక్క వాక్యం తప్పక వేయండి.


రంగులపని (నల్గొండ):

ఫ్లెక్స్ వద్దు సార్, ప్రత్యేకించి ఈ పిట్టకు. ఎండకు ముందు పోయేవి పసుపు, ఎరుపు. నీలం చివరిదాకా నిలుస్తుంది. పాత సినిమా పోస్టర్లు నీలంగా మిగిలిపోవడం మీరు చూసే ఉంటారు. మన ఎండలకు కొన్నాళ్లకే నారింజ గొంతు వెలిసి తెల్లబడుతుంది, వీపు నీలంగానే ఉంటుంది. అప్పుడు మీ బోర్డు మీద ఉండేది నీలమూ తెలుపూ కలిసిన పిట్ట, పైన మద్దిమాను గారు చెప్పిన మోనార్క్‌కు దగ్గరగా. ఏ తేడా నేర్పాలని పెట్టారో ఆ తేడానే చెరిగిపోతుంది.

జీఐ షీట్ (జింకు పూత వేసిన ఇనుప రేకు) మీద చేతితో ఎనామిల్ పెయింట్ వేయించండి. కొత్త షీట్ మీద నేరుగా రంగు వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. జిడ్డు పోయేలా థిన్నర్‌తో తుడిచి, సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, జీఐకి పనికొచ్చే ప్రైమర్ ఒక కోటు, ఆరాక తెల్ల ఎనామిల్ రెండు కోట్లు, దాని మీద బొమ్మ. ఒక కోటుకూ ఇంకో కోటుకూ మధ్య ఒక రాత్రి ఆరనివ్వాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, తేమ లోపల చిక్కి బుడగలు లేస్తాయి. అంచులు మడిచి, మడతలో కూడా రంగు పట్టించాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

నేపథ్యం తెలుపు వదిలేయకండి, పొట్ట కలిసిపోతుంది. ముదురు ఆకుపచ్చ వేస్తే గొంతు, పొట్ట రెండూ తేలతాయి. రెండు మీటర్ల దూరం నుంచి చదవాలంటే తెలుగు అక్షరం ఎత్తు కనీసం 20 మి.మీ. ఉండాలి, ఒత్తులకు కింద చోటు వదలాలి. ఇంగ్లీషు కొలతతో వరుసలు గీస్తే ఒత్తులు కింది వరుస మీద పడతాయి. బోర్డు మధ్యభాగం నేలకు 120 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆరో తరగతి పిల్లలకు కంటి ఎదురుగా వస్తుంది. ముఖం ఉత్తరానికి తిప్పితే ఎండ తక్కువ పడుతుంది. చెట్టుకు మేకులు కొట్టొద్దు, పైపు పాతండి.

రిజర్వ్ పరిధిలో పెట్టేవాటికి బొమ్మ, కొలతలు, పెట్టే తావు చూపే గీత జతచేసి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఉత్తరం ఇవ్వండి. గుడి ఆవరణలో అయితే ఆలయ కమిటీ ఒప్పుకోలు కూడా కావాలి. అనుమతి చేతికి వచ్చాకే షీట్లు కోయించండి. కొలత మార్చమంటే మళ్లీ మొదటికొస్తుంది.


బడిబోర్డు (అచ్చంపేట):

ఫ్లెక్స్ ఆర్డర్ ఆపేశాం. పిల్లలు రాసిన పాఠం ఇది, చూసి దిద్దండి:

‘టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్. శాస్త్రనామం: సయోర్నిస్ టికెల్లియే. పొడవు సుమారు 14 సెం.మీ. చలికాలంలో నల్లమలకు వచ్చే అందమైన అతిథి. గొంతు, రొమ్ము నారింజ. వీపు నీలం. పొట్ట తెలుపు. నీడలో, నీటి దగ్గర తక్కువ ఎత్తు కొమ్మల మీద కూర్చుని పురుగులను పట్టి తింటుంది. కటక్‌లో పుట్టిన సైనికాధికారి, చిత్రకారుడు శామ్యూల్ టికెల్ (1811-1875) పేరు మీదుగా 1843లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి పేరు పెట్టాడు. భారతదేశంలో మాత్రమే ఉంటుంది. దీని గూడు, గుడ్లు ముట్టుకోవడం చట్టరీత్యా నేరం.’


పాత_పుటలు:

పిల్లలు చక్కగా రాశారు. రెండు వాక్యాలు మార్చాలి.

‘చలికాలంలో వచ్చే అతిథి’ తీసేసి ‘ఏడాదంతా నల్లమలలో ఉంటుంది’ అని పెట్టండి. వేసవిలో కూడా ఇక్కడ వెతకాలని పిల్లలకు అప్పుడే తెలుస్తుంది. ‘భారతదేశంలో మాత్రమే’ కూడా సరికాదు. శ్రీలంకలో ఉంది, అక్కడిది వేరే ఉపజాతి. నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్ వైపూ ఉంది. ఇండోచైనా, సుమత్రా వైపు ఉన్నవాటిని ఇంతకుముందు ఇందులోనే కలిపేవారు, ఇప్పుడు ఇండోచైనీస్ బ్లూ ఫ్లైక్యాచర్ అని విడదీశారు. పాత పుస్తకాల్లోని మ్యాపు చూసి బోర్డు మీద మ్యాపు గీయించకండి, తూర్పు సగం ఎక్కువ వస్తుంది.

ఇంకొకటి, ‘వీపు నీలం’ పక్కన ‘ఆడపిట్టకు బూడిద నీలం’ అని చేర్చండి. జంటలో రెండోదాన్ని పిల్లలు వేరే పక్షిగా రాసుకోకుండా ఉంటారు.


తునికాకు (మన్ననూరు):

సార్, ‘నీటి దగ్గర’ అన్న కాడ ‘చప్పుడు చేయకుండా పది నిమిషాలు ఆగి చూడండి’ అని గూడ రాయించుండ్రి. ఉమామహేశ్వరం మెట్ల మీద వచ్చేటోళ్లు ఎక్కువ మంది దర్శనానికి పోయేటోళ్లే, బోర్డు కాడ అర నిమిషం గూడ నిలబడరు. అక్షరాలు తక్కువైనా ఫర్వాలేదు, ఈ వాక్యం మాత్రం పెద్దగ, పిట్ట బొమ్మ కిందనే ఉండాలె.